హెచ్5ఎన్1: నరసరావుపేట నుంచి చూస్తే



ఏటా ఎవరి పేరున ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ డాక్టరుగారు పల్నాటి పల్లెల్లో కోళ్లకు కొక్కెర తెగులు టీకాలు వేస్తూ ఉద్యోగ జీవితం గడిపారు. ఐసు ముక్కల ఫ్లాస్కు సంచిలో పెట్టుకుని ఆయన గురజాల బస్సు ఎక్కడం ఇక్కడి పెద్దలు చాలామంది చూశారు. కోడి జబ్బు కోడిదే, మనిషి జబ్బు మనిషిదే అని చదువుకుని వచ్చిన తరం ఆయనది. 1997లో హాంకాంగ్ నుంచి వచ్చిన వార్త ఆ చదువును తలకిందులు చేసింది. ఆ ఏడాది మే నెలలో మూడేళ్ల బాబు ఒకడు ఫ్లూతో చనిపోయాడు. వాడి గొంతులో దొరికిన హెచ్5ఎన్1 వైరస్‌ను అప్పటిదాకా పక్షుల్లోనే చూశారు. డిసెంబరు చివరికి అక్కడ 18 మందికి సోకింది, వాళ్లలో ఆరుగురు పోయారు. నగరంలో ఉన్న సుమారు 15 లక్షల కోళ్లను చంపించాక గానీ ఆ విడత ఆగలేదు.

హాంకాంగ్ ఎక్కడో ఉంది. నరసరావుపేట ఇక్కడే ఉంది. 2025 మార్చి 16న మంగళగిరి ఎయిమ్స్‌లో నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాప మరణించింది. ఫిబ్రవరి ఆఖర్లో జ్వరం, విరేచనాలతో మొదలైంది. ఊపిరి అందకపోవడం, ఫిట్స్ తోడయ్యాయి. మార్చి 4న ఎయిమ్స్‌లో చేర్చారు. ముక్కు, గొంతు నమూనాల్లో ఇన్‌ఫ్లుయెంజా-ఎ కనబడింది. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ దాన్ని హెచ్5ఎన్1 అని తేల్చింది. ఆ సంగతి జనానికి తెలిసేసరికి ఏప్రిల్ వచ్చింది. ఇంట్లో కూరకి కోడిమాంసం కోస్తున్నప్పుడు పాప పచ్చి ముక్క ఒకటి తిన్నదని తల్లిదండ్రులు చెప్పారు. వండిన కూర తిన్న ఇంటిల్లిపాదీ బాగానే ఉన్నారు. రాష్ట్రంలో బర్డ్ ఫ్లూతో మనిషి చనిపోవడం అదే మొదటిసారి. దేశంలో రెండోది. మొదటిది 2021 జులైలో ఢిల్లీ ఎయిమ్స్‌లో చనిపోయిన హర్యానా బాలుడిది.

ఒకే ఇల్లు, ఒకే మాంసం. ఒక బిడ్డ పోయింది, మిగతావాళ్లకు తుమ్ము కూడా రాలేదు. ఈ తేడాను విధికి వదిలేయకుండా కణాల దాకా వెళ్లి చూద్దామన్నదే ఈ రోజు నా ప్రయత్నం. గోదావరి జిల్లాల కోళ్లకు ఈ జబ్బు వచ్చిన ఆ ఫిబ్రవరిలో ఊరూరా వినబడిన ప్రశ్న ‘చికెన్ తినొచ్చా?’ అన్నది. టీవీల్లో అదే చర్చ. జనం భయం పోగొట్టడానికి గుంటూరులో ఉచితంగా చికెన్ మేళా పెడితే తొక్కిసలాట అవుతుందేమో అన్నంతగా వచ్చారు. నా మటుకు నాకు అది అడగాల్సిన ప్రశ్న కాదు. 70 డిగ్రీల వేడికి ఈ వైరస్ చచ్చిపోతుంది. మన పులుసు, మన వేపుడు అంతకంటే ఎక్కువే ఉడుకుతాయి. అడగాల్సింది వేరే: కోడి బతికి ఉన్నప్పటి నుంచి పొయ్యి మీదికి ఎక్కేదాకా దాన్ని ఎవరు ముట్టుకుంటున్నారు? వాళ్ల ఒంట్లో ఏ చోటికి వైరస్ చేరుతోంది?

ముందు ఆ వైరస్ ఏమిటో చూద్దాం. మిల్లీమీటరులో పదివేలవ వంతు ఉండే ఉండ అది. పైన కొవ్వు పొర. ఆ పొరలో గుచ్చుకుని రెండు రకాల ప్రొటీన్ ముళ్లు ఉంటాయి. ఒకటి హీమాగ్లుటినిన్, అంటే ‘హెచ్’. కణానికి అంటుకునేది, లోపలికి దూరేది ఇదే. రెండోది న్యూరమినిడేజ్, అంటే ‘ఎన్’. లోపల తయారైన పిల్ల వైరస్‌లు కణాన్ని వదిలి బయటపడాలంటే ఇది అంటును కోసిపెట్టాలి. టామీఫ్లూ అని మనం పిలిచే ఓసెల్టామివిర్ పట్టుకునేది ఈ కత్తెరనే. పక్షుల్లో బాగా తెలిసిన హెచ్ రకాలు 16, ఎన్ రకాలు 9. ఇంకో రెండేసి రకాలు మధ్య, దక్షిణ అమెరికా గబ్బిలాల్లో దొరికాయి. మన వినుకొండ జాషువాగారు గబ్బిలాన్ని దూతగా చేసి శివుడి దగ్గరికి పంపారు. ఆ అమెరికా గబ్బిలాల వైరస్‌లు మాత్రం ఇప్పటిదాకా మనిషి జోలికి రాలేదు.

ఉండ లోపల జన్యు సామగ్రి ఒకే పోగుగా ఉండదు. ఎనిమిది వేర్వేరు ఆర్‌ఎన్‌ఏ ముక్కలుగా ఉంటుంది. అన్నీ కలిపి పదమూడున్నర వేల అక్షరాలు. మన జన్యు గ్రంథంలో మూడు వందల కోట్ల అక్షరాలున్నాయి. ఆ చిన్న పాఠాన్ని కూడా వైరస్ తిన్నగా నకలు చేసుకోలేదు. దాని పాలిమరేజ్ అనే యంత్రానికి రాసింది సరిచూసుకునే అలవాటు లేదు. ప్రతి తరంలో తప్పులు దొర్లుతాయి. చాలా తప్పులు వైరస్‌నే చంపుతాయి. కొన్ని దానికి కలిసి వస్తాయి. ఎనిమిది ముక్కలన్న సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దానికే వస్తాను.

ఫ్లూ వైరస్‌ల అసలు నివాసం నీటి పక్షులు. అడవి బాతుల పేగుల్లో ఇవి పెద్దగా హాని చేయకుండా కాపురం చేస్తాయి, రెట్టతో నీళ్లలోకి వస్తాయి. ఏ ఒక్క కణంలోకైనా దూరాలంటే హెచ్ ప్రొటీన్‌ను ముందు ఒకచోట రెండుగా కోయాలి. ఆ కోత కోసే ఎంజైములు మామూలుగా పేగులోనూ శ్వాసనాళంలోనూ ఉంటాయి కాబట్టి వైరస్ అక్కడే ఆగిపోతుంది. హెచ్5, హెచ్7 రకాలకు ఒక దుర్గుణం ఉంది. కోళ్ల గుంపుల్లో చేరి తిరుగుతూ తిరుగుతూ, ఆ కోత చోట ఆర్జినిన్, లైసిన్ అనే క్షార అమైనో ఆమ్లాలను వరసగా చేర్చుకుంటాయి. అప్పుడు దాన్ని కోయడానికి ఫ్యూరిన్ అనే ఎంజైము సరిపోతుంది. ఫ్యూరిన్ లేని కణం ఒంట్లో దాదాపు లేదు. దాంతో వైరస్ పేగు దాటి గుండె, మెదడు, కండ అన్నిటిలోకీ పాకుతుంది. తలకాయ నల్లబడి, కాళ్ల మీద ఎర్రమచ్చలు పొడిచి, షెడ్డుకు షెడ్డు ఒకటి రెండు రోజుల్లో ఖాళీ అయ్యే జబ్బు అదే. రైతులు తొలి రోజు దాన్ని కొక్కెర తెగులనే అనుకుంటారు. పైకి తేడా తెలియదు కూడా.

ఇందులో మన కథకు కావలసిన వాక్యం ఒకటుంది. వైరస్ కోడి కండలోకి చేరుతుంది. మామూలు పక్షి ఫ్లూ అలా చేరదు, ఇది చేరుతుంది. 2001లో చైనా నుంచి దక్షిణ కొరియాకు వెళ్లిన గడ్డకట్టించిన బాతు మాంసంలోంచి బతికి ఉన్న హెచ్5ఎన్1ను వేరు చేశారు. చలి దానికి హాని కాదు, కాపుదల.

1996లో చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో ఒక పెంపుడు పెద్దబాతులో తొలిసారి పట్టుబడిన వైరస్ సంతానమే ఇవాళ ప్రపంచమంతా తిరుగుతున్న హెచ్5ఎన్1. 2005లో చైనాలోని చింగ్‌హాయ్ సరస్సు దగ్గర వేల సంఖ్యలో వలస పక్షులు చనిపోయాయి. వాటిలో పట్టెతల బాతులు ఎక్కువ. హిమాలయాల మీదుగా ఎగిరి మన దేశపు చెరువులకు వచ్చే పక్షులవి. 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూర్ ఫారాల్లో దేశంలో తొలి విడత కనబడింది. 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్ శివార్లలోని హయత్‌నగర్ దగ్గర, 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లా పొదలకూరు, కోవూరు మండలాల్లో. తర్వాత 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలు. తణుకు దగ్గర వేల్పూరు, పెరవలి మండలం కానూరు అగ్రహారం నుంచి భోపాల్ ల్యాబుకు పంపిన నమూనాలు హెచ్5ఎన్1 అని వచ్చాయి. అలా తేలితే ఫారం చుట్టూ కిలోమీటరు లోపల ఉన్న కోళ్లన్నిటినీ చంపి పూడ్చాలి, పది కిలోమీటర్ల దాకా నిఘా పెట్టాలి. దేశంలో గుడ్ల ఉత్పత్తిలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌దే. అంతటి కోళ్ల సంపద ఉన్న చోట వైరస్‌కు మేత కొదవుండదు. పక్షుల మీదే నెపం వేయడం మనకు తేలిక. కానీ ఫారం నుంచి ఫారానికి వైరస్‌ను మోసుకెళ్లేవి లారీ టైర్లు, గుడ్ల ట్రేలు, కోళ్ల పెంట, పనివాళ్ల చెప్పులు. వలస బాతు ఎప్పుడూ చికెన్ వ్యాను నడపలేదు.

ఇక మనిషి దగ్గరికి వద్దాం. హెచ్ ప్రొటీన్ పట్టుకునేది కణం పైన ఉండే సియాలిక్ ఆమ్లం అనే చక్కెర పదార్థాన్ని. ఆ చక్కెర కింది గొలుసుకు రెండు రకాలుగా అతుక్కుని ఉంటుంది. ఆల్ఫా 2,3 అనేది ఒక అతుకు, ఆల్ఫా 2,6 అనేది రెండోది. పక్షుల పేగులో 2,3 ఎక్కువ, పక్షి ఫ్లూ దాన్నే పడుతుంది. మన ముక్కు, గొంతు, పెద్ద శ్వాసనాళాల్లో 2,6 ఎక్కువ, ఏటా వచ్చే మామూలు ఫ్లూ దాన్ని పడుతుంది. అందుకే పక్కవాడు తుమ్మితే మామూలు ఫ్లూ అంటుకుంటుంది, కోడి ఫ్లూ అంత తేలిగ్గా అంటుకోదు. అయితే మనలో 2,3 అసలే లేకపోలేదు. ఊపిరితిత్తుల అడుగున, గాలి గదుల్లో ఉంది. కంటి పొరలో ఉంది. అమెరికాలో 2024 నుంచి పాడి ఆవుల పొదుగులకు హెచ్5ఎన్1 సోకింది. పాలు పిండే కూలీల్లో చాలామందికి జబ్బు కళ్లకలకగా రావడానికి కారణం ఇదే. పాలు చింది కంట్లో పడ్డాయి, వైరస్‌కు కంట్లో పట్టు దొరికింది. వాళ్లు తేలిగ్గా కోలుకున్నారు.

గాలి గదుల దాకా దిగిన వైరస్ అలా వదలదు. అక్కడ అది పెరిగితే నిమోనియా. దానిపై ఒంటి స్పందన కూడా హద్దు మీరుతుంది. తెల్ల రక్తకణాలు వదిలే సైటోకైన్లు వరదగా వచ్చి, వైరస్ చేసిన నష్టానికి తమ నష్టం కలుపుతాయి. ఈ రోగులు చావుకు దగ్గరయ్యేది ఇక్కడే. ఇంకో ఇబ్బంది ఏమిటంటే, జబ్బు లోతున ఉంటే ముక్కులో తీసిన నమూనాలో వైరస్ తక్కువగా ఉంటుంది. అందుకే హెచ్5 అనుమానం ఉంటే గొంతు నమూనా తప్పనిసరిగా తీయాలంటారు. వెంటిలేటర్ మీద ఉన్న రోగికైతే ఊపిరితిత్తుల నుంచి వచ్చిన ద్రవం ఇంకా మంచిది.

మరి పచ్చి ముక్క దారి ఏమిటి? కడుపులోని ఆమ్లం వైరస్‌ను చాలావరకు చంపుతుంది. అది నిజమే. కానీ ముక్క కడుపులోకి వెళ్లేముందు నోట్లో నలుగుతుంది, గొంతుకు, టాన్సిల్స్‌కు రాసుకుంటుంది. మాంసపు రసం కొద్దిగా శ్వాసనాళంలోకి జారవచ్చు. ముక్క పట్టుకున్న చేతులతో పిల్లలు కళ్లు నులుముకుంటారు. పల్నాటి పాప విషయంలో వీటిలో ఏది జరిగిందో తేల్చి చెప్పే సాక్ష్యం లేదు, ఉండదు కూడా. ఈ దారులు మాత్రం ఊహలు కావు. వియత్నాంలో పచ్చి బాతు నెత్తురుతో చేసే వంటకం తిన్నవాళ్లకు హెచ్5ఎన్1 వచ్చింది. 2004లో థాయ్‌లాండ్‌లోని శ్రీరాచా జూలో పులులకు పచ్చి కోడి మేపారు. చనిపోయినవీ చంపక తప్పనివీ కలిపి 147 పులులు పోయాయి. దగ్గరలో చూడాలంటే, 2024 డిసెంబరులో నాగపూర్ గోరెవాడ కేంద్రంలో మూడు పులులు, ఒక చిరుత ఇదే వైరస్‌తో మరణించాయి. ఆ మరుసటి నెల మధ్యప్రదేశ్ ఛింద్వాడాలో పెంపుడు పిల్లులకు ఇదే వచ్చింది. పిల్లి జాతికి ఇది నోటి దారిన వచ్చే జబ్బు. పిల్లుల మీద చేసిన ప్రయోగాల్లో, జబ్బు కోడిపిల్లల్ని తిన్న పిల్లుల పేగు గోడలోని నరాల వలలో కూడా వైరస్ కనబడింది. పాపకు విరేచనాలతో మొదలైందన్న మాట వినగానే నాకు వియత్నాం పిల్లవాడు ఒకడు గుర్తొచ్చాడు. 2004లో ఆ నాలుగేళ్ల వాడికి దగ్గు లేదు. విరేచనాలు, తర్వాత ఫిట్స్, కోమా. నెలలు గడిచాక దాచి ఉంచిన నమూనాల్లో హెచ్5ఎన్1 బయటపడింది. ఫ్లూ అంటే దగ్గు అని మన తలలో నాటుకుపోయిన లెక్క ఇక్కడ పనికిరాదు.

కణంలోకి దూరడంతో వైరస్ పని అయిపోదు. లోపల నకళ్లు తీయాలి. పక్షి ఒంటి వేడి 41 డిగ్రీలు. మన ముక్కులో గాలి తగిలే చోట 33 మాత్రమే. కోడి వైరస్ పాలిమరేజ్ ఆ చలికి చేవ చచ్చి కూర్చుంటుంది. పైగా అది పనిచేయాలంటే కణంలోని ఏఎన్‌పీ32 అనే ప్రొటీన్ సాయం కావాలి. పక్షుల్లోని ఆ ప్రొటీన్‌కు 33 అమైనో ఆమ్లాల తోక ఎక్కువ ఉంటుంది, మనకు లేదు. ఆ లోటు పూడ్చుకోవడానికి వైరస్‌కు ఒకే ఒక్క మార్పు చాలు: పీబీ2 ప్రొటీన్‌లో 627వ స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం పోయి లైసిన్ రావాలి. మనుషుల్లో దొరికిన హెచ్5ఎన్1 నమూనాల్లో ఈ మార్పు మళ్లీ మళ్లీ కనబడుతూనే ఉంది. చాలాసార్లు అది కోడిలో పుట్టింది కాదు, రోగి ఒంట్లో ఆ కొద్ది రోజుల్లో పుట్టింది. ఒక్క మనిషికి సోకినా శాస్త్రజ్ఞులు ఉలిక్కిపడేది అందుకే. ఆ మనిషి ఒళ్లు వైరస్‌కు మనిషితనం నేర్పే బడి అవుతుంది.

అయినా 627 మారినంత మాత్రాన మనిషి నుంచి మనిషికి పాకదు. హెచ్ ప్రొటీన్ 2,3 వదిలి 2,6 పట్టాలి. గాలిలోనూ ముక్కు తడిలోనూ చెడకుండా గట్టిపడాలి. 2012లో నెదర్లాండ్స్‌లో ఫూషియే బృందం, అమెరికా విస్కాన్సిన్‌లో కవావోకా బృందం ఫెరెట్ అనే ముంగిసలాంటి జంతువుల్లో ఈ మార్పులన్నీ పేర్చి చూపించారు. నాలుగైదు మార్పులతో వైరస్ గాలి ద్వారా పక్క పంజరంలోకి వెళ్లింది. అటువంటి ప్రయోగం అచ్చు వేయవచ్చా, అసలు చేయవచ్చా అని పెద్ద గొడవ జరిగింది. కొంతకాలం ఆ పరిశోధనలు ఆపేశారు కూడా. ఆ గొడవలో ఆపమన్నవాళ్ల భయం నాకు అర్థమవుతుంది. కానీ నిఘా వేసేవాడికి దేని కోసం వెతకాలో తెలిసింది ఆ ప్రయోగాల వల్లే. 2024 డిసెంబరులో ఇంకో పరిశోధన వచ్చింది. అమెరికా ఆవుల్లో తిరుగుతున్న శాఖకు చెందిన హెచ్ ప్రొటీన్ 226వ స్థానంలో ఒక్క అమైనో ఆమ్లం మారితే 2,6ను పట్టగలదని తేలింది. ప్రయోగశాలలో ప్రొటీన్ పట్టు ఒక మాట, బతికిన వైరస్ వ్యాప్తి వేరే మాట. రెంటినీ ఒకటిగా రాసిన శీర్షికలు ఆ వారమంతా చదివాం.

ఎనిమిది ముక్కల దగ్గరికి వస్తానన్నాను. ఒకే కణంలో రెండు వేర్వేరు ఫ్లూ వైరస్‌లు పడితే, పుట్టే పిల్లలకు ముక్కలు పేక కలిపి పంచినట్టు అందుతాయి. 1957 ఆసియా ఫ్లూ వైరస్‌లో మూడు ముక్కలు పక్షివి, 1968 హాంకాంగ్ ఫ్లూలో రెండు పక్షివి, మిగతావి అప్పటికే మనిషిలో తిరుగుతున్నవి. కొత్త మహమ్మారి మార్పుల్ని ఒక్కొక్కటిగా కూడబెట్టుకుంటూ రావాల్సిన పనిలేదు, ఒక పంపకంలో రావచ్చు. మన ప్రాంతంలో దీనికి సరంజామా ఉంది. దక్షిణాసియాలో తిష్ఠ వేసిన హెచ్5ఎన్1 శాఖను 2.3.2.1ఎ అంటారు. ప్రపంచాన్ని చుట్టబెట్టిన శాఖ 2.3.4.4బి. రెండూ మన దేశంలో దొరికాయి. 2024 ఫిబ్రవరిలో కోల్‌కతా వచ్చి వెళ్లిన రెండున్నరేళ్ల ఆస్ట్రేలియా పాపకు అక్కడికి చేరాక హెచ్5ఎన్1 అని తెలిసింది, ఆమె బతికింది. ఆమె వైరస్ ముళ్లు 2.3.2.1ఎ వి, లోపలి ముక్కలు కొన్ని వేరే శాఖల నుంచి వచ్చినవి. పశ్చిమ బెంగాల్‌లోనే నాలుగేళ్ల పిల్లవాడికి హెచ్9ఎన్2 సోకినట్టు అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. హెచ్9ఎన్2 కోళ్లను అంతగా చంపదు, కాబట్టి ఎవరూ పట్టించుకోరు. తన లోపలి ముక్కల్ని పక్కవాళ్లకు ధారాళంగా ఇవ్వడం దాని గుణం. 1997 హాంకాంగ్ వైరస్‌కు ఆ దానం హెచ్9ఎన్2 నుంచి అందిందని బలమైన ఆధారాలున్నాయి.

2003 నుంచి 2025 మధ్య దాకా ప్రపంచంలో హెచ్5ఎన్1 సోకినట్టు నమోదైన మనుషులు వెయ్యికి కొద్దిగా తక్కువ. వాళ్లలో దాదాపు సగం మంది చనిపోయారు. ఈ ‘సగం’ అన్న మాటను కొంచెం జాగ్రత్తగా పట్టుకోవాలి. ఆసుపత్రి దాకా వచ్చి, పరీక్ష జరిగినవాళ్లే లెక్కలోకి వచ్చారు. తేలిగ్గా వచ్చి పోయినవాళ్లు రాలేదు. వయసు సంగతి కూడా ఉంది. పుట్టాక మొదటగా తగిలిన ఫ్లూ ఏదో దాని ముద్ర జీవితాంతం ఉంటుంది. 1968కి ముందు పుట్టినవాళ్లకు మొదట తగిలినవి హెచ్1, హెచ్2. అవి హెచ్5కు దగ్గరి చుట్టాలు. ఈ సభలో ముందు వరసలో కూర్చున్న పెద్దలకు హెచ్5 పట్ల కొంత రక్షణ ఉండవచ్చు. రెండేళ్ల పిల్లలకు ఏ ముద్రా సరిగా పడి ఉండదు.

పల్నాడులో నిలబడి కోడి గురించి మాట్లాడుతూ నాగమ్మ, బ్రహ్మనాయుడుల కోడిపందేన్ని తలచుకోకపోతే మీరు ఒప్పుకోరు. తలచుకోవడానికి నాకు వేరే కారణం ఉంది. థాయ్‌లాండ్‌లో పందెగాళ్లు దెబ్బతిన్న పుంజుకు ఊపిరాడనప్పుడు దాని గొంతులోని నెత్తురు, చీమిడి నోటితో పీల్చి ఉమ్మేవారు. వాళ్లలో కొందరికి హెచ్5ఎన్1 వచ్చింది. మన బరుల్లో కూడా పుంజు మొహం మీద నోటితో నీళ్లు చల్లేవాళ్లున్నారు. పందెం మంచా చెడా అన్నది కోర్టులు చూసుకుంటాయి. నోరు, ముక్కు పక్షికి అంత దగ్గరగా పెట్టడం మాత్రం పచ్చి ముక్క తినడం లాంటిదే.

చికెన్ కొట్టు సంగతి ఇంకో మెట్టు. కోడిని కోసి డ్రమ్ములో వేస్తే రెక్కలు కొట్టుకుంటూ నెత్తురు, రెట్ట తుంపరలుగా లేస్తాయి. డ్రమ్ము మీద వంగి ఉన్న కుర్రాడు వాటిని నేరుగా ఊపిరితిత్తుల అడుక్కి పీలుస్తాడు. వినియోగదారుడికి అటువంటి ప్రమాదం లేదు. ఇంట్లో కోడి కడిగే తల్లి చేతులకు కొంత ఉంది, పక్కన కూర్చున్న పిల్లకు కొంత ఉంది. పచ్చి ముక్క పిల్లల చేతికి అందకుండా చూసుకోవడం, కత్తిపీట, చేతులు సబ్బుతో కడగడం చాలు. వైరస్ పై పొర కొవ్వుది, సబ్బుకు నిలవదు.

కోళ్లకే టీకా వేస్తే పోదా అని ప్రతిసారీ అడుగుతారు. చైనా, ఈజిప్టు, వియత్నాం వేస్తున్నాయి. 2023 నుంచి ఫ్రాన్సు తన బాతులకు వేస్తోంది. హెచ్5ఎన్1 విషయంలో మన దేశం మాత్రం చంపి పూడ్చే పద్ధతికే కట్టుబడి ఉంది. టీకా వేసిన మందలో కోళ్లు చావవు కానీ వైరస్ గుట్టుగా తిరగవచ్చు. చావులే కనబడకపోతే వైరస్ ఉన్నట్టు పట్టుకునేది ఎలా? క్రమం తప్పని పరీక్షలు చేయగలిగిన దేశానికే టీకా పనికొస్తుందని నా అభిప్రాయం. మన పశువైద్యశాలల్లో ఖాళీగా ఉన్న పోస్టులు నిండాక ఆ చర్చ మొదలుపెట్టవచ్చు.

మనుషుల వైపు మాత్రం ఆగాల్సిన పని లేదు. ఓసెల్టామివిర్ బాగా పనిచేసేది లక్షణాలు మొదలైన 48 గంటల్లో. హెచ్5 నిర్ధారణ జరిగేది పుణెలో. ఈ రెంటికీ కాలం కలవదు. కాబట్టి పరీక్ష ఫలితం కోసం చూడకుండా అనుమానం రాగానే మందు మొదలుపెట్టమన్నది ప్రపంచమంతటా ఒప్పుకున్న పద్ధతి. అనుమానం రావాలంటే ఎవరో ఒకరు అడగాలి. గోదావరి జిల్లాల్లో గానీ ఇంకెక్కడైనా గానీ కోళ్లు చస్తున్నాయన్న వార్త వచ్చిన నెలల్లో మాచర్ల నుంచి నరసరావుపేట దాకా ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, ప్రతి ఆర్‌ఎంపీ దగ్గర, జ్వరం, విరేచనాలు, ఫిట్స్‌తో వచ్చిన పిల్లల తల్లిని ఒక్క మాట అడగాలి: ‘బిడ్డ గత పది రోజుల్లో పచ్చి కోడిమాంసం గానీ, చచ్చిన కోడిని గానీ ముట్టుకున్నదా అమ్మా?’ అవునంటే గొంతు నమూనా తీసి, బరువును బట్టి ఓసెల్టామివిర్ సిరప్ మొదటి డోసు అక్కడే వేసి, ఆ తర్వాత పెద్దాసుపత్రికి పంపాలి.